మేడ మీద ఆటస్థలం

"బాబూ, పిల్లలు ఆడుకునేది ఎక్కడ?"

గొడుగు తాత మళ్ళీ వచ్చాడు. ఈ వారంలో ఇది మూడోసారి. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా చేతిలో గొడుగు ఉండాల్సిందే.

కుర్ర ఆర్కిటెక్టు ప్లాను మీంచి తలెత్తలేదు. కింద షాపులు, పైన ఐదంతస్తుల్లో సంసారాలకు అద్దె ఇళ్ళు. అతనికిదే మొదటి పని. ఇది నిలబడితేనే ఓనరు పక్క స్థలం కూడా అప్పగిస్తాడు.

"మేడ మీద, తాతా. ఉయ్యాల, జారుడుబల్ల, అన్నీ పెడుతున్నాం."

"వంటింట్లో ఉన్న తల్లికి మేడ కనిపిస్తుందా?"

"కనిపించదు. అందుకే చుట్టూ ఎత్తుగా గోడ కడుతున్నాం."

"వెనక రెండు షాపులు తీసేసి ఖాళీ వదులు నాయనా. వంటింటి కిటికీలు అటు తిప్పు. గరిటె తిప్పుతూనే బిడ్డను చూసుకుంటుంది."

"షాపులు తీసేస్తే ఓనరు నన్ను తీసేస్తాడు."

తాత నవ్వాడు. కూర్చోమంటాడేమోనని కాసేపు నిలబడ్డాడు.

"ఇల్లు కావాలంటే కట్టాక రండి. ఊరికే నా బుర్ర తినకండి."

తాత మళ్ళీ రాలేదు.

భవనం లేచింది. నెల తిరక్కుండా ఇళ్ళన్నీ నిండాయి. ఏడాది తిరక్కుండా పిల్లలున్నవాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేశారు.

"పిల్లాడు పైనుంటే నా ప్రాణమూ పైనే. ఎన్నిసార్లని మెట్లెక్కను?" అంది ఆఖరున వెళ్తున్నావిడ, తాళంచెవి అతని చేతిలో పెడుతూ.

ఆర్కిటెక్టు మేడెక్కి జారుడుబల్ల అంచున కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

తర్వాత ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"వెనక రెండు షాపులు తీసేద్దామండీ. గొడుగు పట్టుకుని ఒక తాత వచ్చేవారు, ముందే చెప్పారు. ఆయన్నే అడిగి మారుస్తాను. ఆయన మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? పోయి రెండు నెలలైంది."

మాట వినిపించింది గానీ అతనికి ఎక్కడా తగల్లేదు.

"ఇంతకీ ఎవరండీ ఆయన?"

ఓనరు వింతగా చూశాడు.

"నీకు చెప్పనేలేదా? ముందు ఈ పని ఒప్పుకున్న ఆర్కిటెక్టు ఆయనే. చూపు ఆనడం లేదని తప్పుకుంటూ, కాలేజీలో నువ్వు గీసిన ప్లాను తెచ్చి నా బల్ల మీద పరిచి, ఈ కుర్రాడికే ఇవ్వమని పట్టుబట్టాడు."