శంకరమ్మ తెచ్చిన డబ్బా

"సాబ్, నీ సీడీలన్నీ దారానికి గుచ్చి బాల్కనీకి కట్టుకో. పావురాలన్న భయపడ్తయి," అన్నాడు రత్నాకర్.

ఆబిడ్స్‌లోని ఆ కంప్యూటర్ల సందంతా ఘొల్లున నవ్వింది. వామన్‌రావు చెవులు ఎర్రబడ్డాయి. సందులో అందరికంటే పాత దుకాణం అతనిది. ఒకప్పుడు విండోస్ వేయించుకోవాలంటే అతని సీడీ తప్ప దిక్కు లేదు. ముందు సలాం కొట్టి, ఆ తర్వాతే పని చెప్పేవారు. ఇప్పుడు ఎదురుగా నిన్నగాక మొన్న దుకాణం తెరిచిన రత్నాకర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఛాయ్ చల్లారేలోపు పని ముగించి పంపేస్తున్నాడు. గిరాకీ పోయినందుకు కాదు, నలుగురూ నవ్వినందుకు కడుపు మండింది వామన్‌రావుకు.

"నా సీడీ వెడితె తప్ప లేవని డబ్బాలు ఇంకా ఉన్నయి రా, బచ్చా!"

"ఏడున్నయి? మ్యూజియంలనా?"

"పందెమా?"

"పందెం! ఓడినోడు బోర్డు దించుకొని పోవాలె."

అన్న మాట అందరూ విన్నారు. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఆ బోర్డు దిగితే తనను పలకరించే మనిషి ఆబిడ్స్‌లో గానీ నాంపల్లిలో గానీ మిగలడని వామన్‌రావుకు బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడే ఒకావిడ సందులోకి వచ్చింది. పేరు శంకరమ్మ. నాంపల్లి నుంచి నడిచే వచ్చిందేమో, రొప్పుతోంది. పాత చీరలో చుట్టిన కంప్యూటర్ డబ్బాను పిల్లాడిని ఎత్తుకున్నట్టు చంకన ఎత్తుకుంది.

"సారూ, జర గీ కంప్యూటర్ల..."

"దేవుడే పంపిండు!" అని వామన్‌రావు ఆ మూట అందుకుని, విప్పి, బల్ల మీదున్న తన తెరకు తగిలించేశాడు. "అరే రత్నాకర్, దీని మీదనే తేల్చుకుందాం!"

ఆ సందులో ఒక ఆనవాయితీ ఉంది. డబ్బా మోసుకొచ్చిన వాళ్లను ఏమైందని ఎవరూ అడగరు. జలుబు చేసినా జ్వరమొచ్చినా ఒకటే మందు: పాతదంతా తుడిచేసి కొత్తగా విండోస్ వేయడం.

రత్నాకర్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర నల్లగా ఉండిపోయింది. తీసి, ఊది, ఇంకో పక్క గుచ్చాడు. డబ్బాను తిట్టాడు, చరిచాడు. తెర మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"అయ్యా, నేను జెప్పేది జర..." అంది శంకరమ్మ.

"ఆగమ్మా! గీడ ఇజ్జత్ కా సవాల్ నడుస్తున్నది," అని కసిరాడు రత్నాకర్.

శంకరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. రత్నాకర్ మళ్లీ మళ్లీ గుచ్చి, చివరికి చెమట తుడుచుకుని చేతులెత్తేశాడు. అంత పాత డబ్బాకు పెన్‌డ్రైవ్‌తో లేవడం రాదు, గుచ్చితే అక్కడే బిగుసుకుపోతుంది.

వామన్‌రావు సీడీని చొక్కా అంచుతో తుడిచి లోపలికి తోశాడు. గర్రుమని తిరిగింది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో! ప్రాణం లేచొచ్చింది ముసలాయనకు.

"ఇల్లలకంగనే పండుగైతదా," అని గొణిగాడు రత్నాకర్.

తెర వెలిగింది. ఏదో అడిగింది. కళ్లు చదవకముందే, అలవాటుపడిన వేలు మీట నొక్కేసింది. మరోసారి అడిగింది. మరోసారి నొక్కింది. శంకరమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చింది.

"సారూ, దాంట్ల..."

"జర సేపు నోరు మూసుకో తల్లీ! నీ డబ్బాను కొత్త పెండ్లికూతురు లెక్క జేసిస్త."

అన్నట్టే చేశాడు. ఛాయ్‌లు రెండు విడతలు తిరిగేసరికి తెర మీద నీలాకాశం, దాని కింద పచ్చటి మైదానం పరుచుకున్నాయి. సందంతా చప్పట్లు కొట్టింది. ఛాయ్ మల్లేష్ ఈల వేశాడు. రత్నాకర్ ముఖం మాడ్చుకుని, స్టూలెక్కి తన బోర్డు మేకులు పీకడం మొదలుపెట్టాడు.

"పావురాలు ఎట్లున్నయి రా బేటా?" అని అరిచాడు వామన్‌రావు. ఇన్నాళ్ల అవమానం ఆ ఒక్క అరుపుతో తీరిపోయింది. ఈ సందులో ఇంకెవరైనా తనను చూసి నవ్వగలరా? నవ్వమనండి చూద్దాం!

అప్పుడు గుర్తొచ్చింది గిరాకీ. శంకరమ్మ తెరకు ముఖం ఆనించి, ఆ పచ్చటి మైదానంలో దేనికోసమో వెతుకుతోంది.

"ఏమమ్మా, ఇంతకు ఏం రోగముండె దీనికి?" అని గెలిచినవాడి దయతో అడిగాడు.

"రోగమేం లేకుండె సారూ, పొద్దుగాల గూడ మంచిగనే నడిచింది. రేపు నా కొడుకు దినాలు. వాని ఫోటోలు దీంట్లనే ఉన్నయి, ఇంకేడ లేవు. దండెయ్యనీకి జర ఒక్కటి సీడీల ఎక్కించియ్యున్రి."