హాజరు పట్టీలో లేని మనిషి

ఆ ఆదివారం కూడా అతను వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

తల మీదా గడ్డం మీదా దూది పోగులు. చేతిలో పుస్తకం లేదు, పెన్ను లేదు.

స్వర్ణలతకు చిరాకేసింది.

డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్ళ కోసం కర్నూలులో నడిపే ఆదివారం తరగతులవి. ఆమె చెప్పేది సైకాలజీ. వచ్చేవాళ్ళలో బస్సు కండక్టరున్నాడు, అంగన్‌వాడీ టీచరుంది. ఈ పరుపులు కుట్టే మనిషికి మాత్రం ఇక్కడేం పనో ఆమెకు తెలియదు.

ఎండలు ముదిరాయి. ఫ్యాను గాలి కోసం వస్తున్నాడనుకుంది.

ఆ రోజు పాఠం మానసిక కుంగుబాటు. ఆమె లక్షణాలు చెబుతుంటే అతను పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటున్నాడు. ముందు బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నారు.

పాఠం అయ్యాక లేచి చేతులు కట్టుకున్నాడు.

"మేడమ్, అట్లాంటోళ్ళతో ఇంట్లో వాళ్ళు ఎట్ల మాట్లాడల్ల?"

"అది వచ్చే వారం పాఠం."

"రొంత ఇప్పుడే చెప్పండి మేడమ్."

"అసలు నీ పేరేంటి? రోల్ నంబరెంత?"

"ఇమాం వలి. నంబరు లేదు మేడమ్. ఇనేదానికి వస్తాండా."

"ఊరికే వినిపోవడానికి ఇదేమన్నా హరికథా?"

క్లాసంతా గొల్లుమంది.

అతను ఏదో చెప్పబోయాడు. నవ్వే ముఖాల వైపు చూసి ఊరుకున్నాడు.

కండక్టర్ హెన్రీ ఒక్కడే నవ్వలేదు. "పోనీలేండి మేడమ్, ఓ మూల కూచుంటాడు. మనకేం అడ్డం?"

"వచ్చే వారం యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. బయటి మనిషి కనిపిస్తే నా ఉద్యోగానికి నువ్వు పూచీనా?"



"బయట కిటికీ కాడ నిలబడుకుంటా మేడమ్," అన్నాడు ఇమాం వలి.

"కిటికీ దగ్గరా వద్దు. మళ్ళీ ఇటు రాకు."

అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

తనిఖీ బాగా జరిగింది. క్రమశిక్షణ బాగుందని స్వర్ణలతను మెచ్చుకున్నారు.

నెల తర్వాత హాజరు పట్టీ చూసింది. రుఖియా అనే అమ్మాయి ఒక్క తరగతికీ రాలేదు. డిగ్రీ పూర్తి చేయడానికి ఆ అమ్మాయికి ఈ ఏడాదే ఆఖరి గడువు. స్వర్ణలత ఆ పేరు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఇంటికి ఫోన్ చేసింది.

పత్తికొండలో తల్లి నన్నీ బీ ఎత్తింది.

"మీ అమ్మాయి ఒక్కసారీ రాలేదమ్మా. పేరు తీసేశాం."

"యాడొస్తాది మేడమ్? రెండేండ్లాయ, గది వాకిలేసుకోని. మాతో మాటా పలుకూ లేదు."

"మరి చేర్చడమెందుకు?"

"సదువుతాండె మేడమ్. మీ పాఠాలు వాకిలి కాడ కూచోని చెప్తాంటే, లోపల్నుంచి తప్పులు దిద్దుతాండె. రెండేండ్లకు మా బిడ్డ గొంతు అప్పుడే ఇంటిమి."

స్వర్ణలతకు అర్థం కాలేదు. "నా పాఠాలు అక్కడ ఎవరు చెబుతున్నారు?"



"వాళ్ళ నాయనే మేడమ్, మీరు మళ్ళా రావద్దని పంపిచ్చిరంట గదా, ఆ పొద్దు కాన్నుంచి పాప పలకల్యా."