గ్రాఫిక్సు బాగుండాది

మ్యాట్నీ వదిలారు.

అర్పిత ఫోను పైకెత్తి, బయటికొస్తున్న వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"సినిమా ఎట్లుండాదన్నా?"

"తలా తోకా తెలీలేదమ్మా. దీనికన్నా మొదటి పార్టే వాసి."

"మీరు చెప్పండక్కా."

"బేజారు. హీరో ఊరికే పరిగెత్తతానే ఉండాడు. ఆ భూతాన్ని చూస్తే మాత్రం ఒళ్ళు జలదరించింది. గ్రాఫిక్సు బాగుండాది."

"ఇంత చిన్న సినిమాకి అంత గ్రాఫిక్సు యాడినుంచి తెచ్చినారో" అన్నాడు వెనకాలే వస్తున్న ఇంకొకతను.

మూతబడ్డ బంగారు గనుల పక్కనే, ఈ ఊరి కుర్రాళ్ళే చందాలేసుకుని తీసిన సినిమా అది. మొదటి భాగంలో, గని సొరంగంలో నిద్రపోతున్న భూతమొకటి లేచి మనుషుల్ని మింగుతుంది. అది ఏ లోకం నుంచి రాలిపడిందో, భూమిలోకి ఎందుకు దిగి దాక్కుందో చెప్పే ముందు కథ ఈ రెండోది.

అర్పితది గౌనిపల్లి. రాబర్ట్‌సన్‌పేటలో ఈ థియేటరుకు ఎదురుగా ఉన్న మొబైల్ షాపులో పని. గదిలో తోడున్న నేత్ర బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాక, షాపు మూశాక మాట్లాడే మనిషి లేకుండా పోయింది. అప్పుడు మొదలుపెట్టింది ఈ చానల్. ఆట వదిలినప్పుడల్లా వచ్చి అందరినీ అడిగేది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

జనం పలచబడ్డాక, గేటు పక్కనున్న పెద్దాయన దగ్గరికొచ్చాడు. బక్క మనిషి. ఎండలో కూడా చెవులకు మఫ్లరు. సినిమా వచ్చినప్పటి నుంచి అక్కడే కనిపిస్తున్నాడు.

"భూతం గురించి ఏమన్నారు పాపా?"

"బాగుండాదన్నారు తాతా."

"బాగుండాదన్నారా?"

"మీరూ చెప్పండి. ఇట్లా ఫోనుకల్లా చూసి."

"నాకేం తెలుస్తాదమ్మా సినిమాల సంగతి."

"అయితే కొంచెం పక్కకు జరగండి తాతా. మీ దగ్గు రికార్డయిపోతాండాది."

ఆయన జరిగాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. అదే మాట అడిగాడు. ఆమె అదే జవాబు చెప్పింది. గ్రాఫిక్సు అద్భుతమని ఎవరైనా అంటే ఆయన ముఖం వెలిగేది. వెంటనే ఎందుకో చిన్నబోయేది.

వారం తిరక్కుండానే సినిమాకు జనం పలచబడిపోయారు. ఆ రోజు తుంపర పడుతోంది. లోపలి నుంచి వచ్చిన నలుగురూ తల మీద చేతులు పెట్టుకుని పరిగెత్తారు. ఎవరూ ఆగలేదు.

అర్పిత ఫోను దించేసింది.

"అందర్నీ అడుగుతావు గదా" అన్నాడు పెద్దాయన. "నీకెట్లుండాది పాపా?"

ఆమె ఫోను మీద పడ్డ తుంపర తుడిచింది.

"నాకా?" అంది. "ఒక సీను ఉండాది గదా తాతా. తెల్లారేటప్పుడు ఆ భూతం గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద ఒక్కటే కూర్చోని పైకి చూస్తాంటాది. నాకప్పుడు ఏడుపొచ్చింది."

"భూతాన్ని చూసి ఏడ్చినావా?"

"ఊ. కంప్యూటర్లో చేసిందని తెలుసు. అయినా ఆగలేదు. ఎవరూ లేనోళ్ళు అట్లే కూర్చుంటారు తాతా. భుజాలు అట్లే జారిపోతాయి. చేసినోళ్ళకు అది ఎట్లా తెలిసిందో."

పెద్దాయన రోడ్డు వైపు తిరిగాడు. మఫ్లరు సర్దుకున్నాడు.

"గ్రాఫిక్సు బాగా చేసినారు" అన్నాడు. ఆ తరవాత, "రా పాపా, వేడిగా టీ తాగుదాం" అన్నాడు.

"ఓనరు చూస్తాంటాడు తాతా. రేపు తాగుదాం."

మర్నాటికి థియేటరు మీద వేరే సినిమా పోస్టరు పడింది. పెద్దాయన రాలేదు. ఆ వారమంతా ఆట వదలగానే అర్పిత ముందు గేటు వైపే చూసింది. ఆయన పేరు ఎప్పుడూ అడగలేదు. ఇల్లు యాడని అడగలేదు.

సినిమా ఫోన్లలోకి వచ్చాక పదిమందీ చూడటం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం దాని డైరెక్టరు యశ్వంత్, ఆమె చానల్ చూసి షాపుకే వచ్చాడు. అర్పిత సంబరంగా ఫోను ఎత్తింది.

"అందరూ అడిగేది ఒకటే సార్. ఆ భూతం గ్రాఫిక్సు ఏ కంపెనీ చేసింది?"

యశ్వంత్ నవ్వబోయి ఆగాడు.

"మాకు గ్రాఫిక్సు యాడొస్తాదమ్మా. రబ్బరూ గోనెపట్టా కుట్టి ఒక మనిషికి తొడిగినాము. పిల్లప్ప అని, గని మూసేదాకా లోపల పని చేసినాడు. పెండ్లాము పోయినాక గని కూలీల లైనింట్లో ఒక్కడే. నాకు యాక్టింగు రాదు సార్ అన్నాడు. యాక్టింగు వద్దు, సుమ్నే, ఊరికే అట్లా కూర్చోప్పా అన్నాను."

"మరి పేరెందుకు వెయ్యలేదు సార్?"

"లోపల మనిషని తెలిస్తే భయం పోతాదని, ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. సినిమా ఆడినాక స్టేజి మీద చూపిద్దామనుకున్నాను. ఆడలేదు. ఊపిరితిత్తులు చెడి, ఆయన పోయిన నెల పోయినాడు."

"అయ్యో" అంది అర్పిత.

"ఆఖర్న ఆస్పత్రికి పోయినాను. మన సినిమా ఎవరికీ నచ్చలేదు పిల్లప్పా, నిన్ను ఊరికే కష్టపెట్టినాను అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకోని, 'థియేటరు గేటు కాడ ఫోను పట్టుకోని అందర్నీ అడిగే పాప ఒకటుండాది సార్, ఆ పాప నా కోసరం ఏడ్చింది, లోపల నేనుండానని తెలీకుండానే' అన్నాడు."