నల్లపెట్ట మీద నేరం

రోగమొచ్చి రెండు రోజుల్లో కోళ్ళన్నీ పోయాయి. కుట్టుమిషన్ ఆవిడకి నల్లపెట్ట ఒక్కటే మిగిలింది.

అది పొదగడానికి కూర్చుంది. కింద పెట్టడానికి గుడ్లు లేవు. పుంజు కూడా ఆ రోగంలోనే పోయింది. ఈసారి పిల్లలు లేస్తేనే మళ్ళీ మంద. లేకపోతే దొడ్డి ఖాళీ.

ఆవిడ అన్న దగ్గరికి వెళ్ళింది. అన్నకి వీధి మొదట్లో టీ కొట్టు. ఊరి చివర షెడ్లో ఆయనకి నాటుకోళ్ళున్నాయని వీధంతటికీ తెలుసు. సగం ఇళ్ళలో ఆ గుడ్లే తింటారు.

ఫారం గుడ్లు కలవకుండా చూడమంది. వాటికి పుంజు మొహం తెలీదు, ఎన్నాళ్ళు పొదిగినా పిల్లలవవు అంది.

"అవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి కదమ్మా. నా గుడ్ల రంగు చూడు. సొంత చెల్లెలికి నాసిరకం ఇస్తానా?"

టీ మరకలు పడ్డ వేళ్ళతో పన్నెండు ఏరి పెట్టాడు.

నల్లపెట్ట గంపలో ఆ గుడ్ల మీద కూర్చుంది. రోజుకోసారి దిగేది. నాలుగు గింజలు ఏరుకుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ గంపెక్కేది. చిక్కిపోయి రొమ్మెముక బయటపడింది. ఆవిడ మిషన్ తొక్కుతున్నా చెవి గంప మీదే. అట్టపెట్టెలో కత్తిరింపు ముక్కలు పరిచి పిల్లలకి పక్క కూడా వేసింది.

ఇరవై ఒక్క రోజులు దాటాయి. ఇరవై నాలుగు దాటాయి. ఒక్క పెంకూ చిట్లలేదు.

అన్న వచ్చి చూసి నాలుక చప్పరించాడు.

"దీనికి నిలకడ లేదమ్మా. నువ్వు పడుకున్నాక దిగి తిరిగుంటుంది, గుడ్లు చల్లారిపోయాయి. నమ్మినవాళ్ళనే ముంచే రకం. కూరకి తప్ప ఎందుకూ పనికిరాదు."

ఇంకో రెండు రోజులు చూద్దామంది. నువ్వు పొదిగినా ఇంకవి లేవవని అన్న నవ్వాడు.

ఆవిడ గంప దగ్గరికి వెళ్ళింది. నాలుగేళ్ళు తన అరచేతిలో గింజలు తిన్న పెట్ట.

"నన్నే మోసం చేశావే" అంది. తనే రెక్కలు పట్టి అన్న చేతికిచ్చింది. పెట్ట గింజుకోలేదు. గంప వైపే చూసింది.

అన్న కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. మాంసం ముదురని వంక కూడా పెట్టాడు. ఆవిడ ముట్టలేదు. పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. లోపల పిల్లకి ప్రాణముంటే గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డు కదులుతుంది. మనసొప్పక పన్నెండింటినీ బకెట్లో వేసింది. అంటుకున్న ఈకలూ మురికీ వేళ్ళతో తుడిచింది. చాలాసేపు వంగి అలాగే చూసింది.

అన్న ఎంగిలి చేత్తో బయటికొచ్చాడు. "చెయ్యి కడుక్కోవాలి, నీళ్ళేవమ్మా?"

ఆవిడ బకెట్ ముందుకి జరిపింది.

టీ రంగుకి తిరిగిన నీళ్ళలో పన్నెండు గుడ్లూ సున్నం కొట్టినట్టు తెల్లగా తేలుతున్నాయి.