ముందుదా? వెనకదా?

"ఇరవై నాలుగు హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరుకి, దారిలో మంచు ఎత్తి చిమ్మే బ్లోవరు ముందు తగిలించేది మంచిదా, వెనక తగిలించేదా?"

చర్చి కింది హాల్లో కాఫీ పోస్తూ ఐలి ఈ మాట అడగ్గానే, ఆ బల్ల దగ్గరున్న ముగ్గురు మగవాళ్లూ కప్పులు కింద పెట్టేశారు.

ఐలి భర్త రెయినో ఏప్రిల్లో పోయాడు. పోయేముందే పాత బ్లోవరు తుప్పుపట్టిందని పాత ఇనుముకి వేసేశాడు. రోడ్డు నుంచి వాళ్లింటికి దారి బాగా పొడుగు. ఉత్తరపు కొసనున్న ఆ కీవినా సీమలో నవంబరులో మొదలైన మంచు మళ్లీ ఏప్రిల్‌కి గాని వదలదు. ఆ దారి మూసుకుపోతే ఐలి ఇల్లు వదలాల్సిందే. ఎస్కనాబా పట్నంలో ఉండే అక్క సిల్వియా ముందే చెప్పేసింది.

"ఒక్క వారం దారి మూసుకుపోయిందని తెలిసిందా, వచ్చి నిన్ను నా ఫ్లాటుకి లాక్కొచ్చేస్తా."

ఆ ఫ్లాటులో రెండు గదులు, నాలుగు పిల్లులు, పొద్దస్తమానం మోగే టీవీ. ఐలికి పిల్లి బొచ్చు పడదు.

ఇరుగుపొరుగుని సాయం అడగొచ్చుగా అంటే, అక్కడ ఎవరూ అడగరు. ఇల్లంటుకున్నా పక్కవాళ్ల బకెట్టు అడగరు. సలహా అడగడం వేరు. దానికి సిగ్గు అక్కర్లేదు.

"వెనకదే," అన్నాడు ఆర్విడ్. "రెయినో ట్రాక్టరు నాకు తెలీదా? మూడు పిన్నులు గుచ్చితే బిగిసిపోతుంది. నాదీ అదేగా."

"నీ మెడ ఎప్పుడైనా చూసుకున్నావా?" అన్నాడు రూడీ. "ఏళ్ల తరబడి వెనక్కి తిరిగి నడిపి నడిపి, పాస్టరుగారు ఎదురుగా ఉంటే నువ్వు తలుపు వైపు చూస్తుంటావు. ముందుదే కొనుక్కో ఐలీ. పని కళ్లెదురుగా కనిపిస్తుంది."

"ముందుది బిగించేసరికి మంచు కరిగిపోతుంది. పోయినేడు రెంచీలు అందించలేక నీ పెళ్లాం పుట్టింటికి పోలేదూ?"

"వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేక వెళ్లిందిరా!"

క్లిఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. అతని దగ్గరున్నది మూడో రకం. వెనకే తగిలిస్తారు, కానీ బండిని ముందుకే నడపొచ్చు. "మెడ నొప్పీ ఉండదు, బిగించే తంటా ఉండదు," అన్నాడు.

"అవును, ముందు మంచుని చక్రాలతో తొక్కి రాయి చేస్తావు. తర్వాత ఆ రాయిని గీరుతూ కూర్చుంటావు," అన్నారు మిగతా ఇద్దరూ. ఆ రోజు వాళ్ల మాట కలిసింది అక్కడొక్కచోటే.

"నాకివేం తెలీవు బాబూ," అంది ఐలి. "కళ్లతో చూస్తేగాని అర్థం కాదు."

మొదటి మంచు పడ్డ మర్నాడు తెల్లారేసరికి ఆర్విడ్ తన ట్రాక్టరేసుకుని వచ్చాడు. ఊరికే చూపించడానికే. రోడ్డు నుంచి ఇంటి మెట్ల దాకా వెనక్కి నడుపుతూ దారంతా శుభ్రం చేసి, మెడ పట్టుకుని దిగాడు. ఐలి కాఫీ, యాలకుల రొట్టె పెట్టింది.

"చక్కగా ఎగిరిపోయింది ఆర్విడ్. పొడి మంచు కదా. తడి మంచైతేనో?"

"పడనీ. వచ్చి చూపిస్తా."

తడి మంచు పడ్డ రోజు అతనికన్నా ముందే రూడీ వచ్చాడు. మంచునంతా తీసుకెళ్లి దేవదారు చెట్ల మీదికి చిమ్మేశాడు. ఐలి మెచ్చుకుంది. తర్వాత చిన్న సందేహం అడిగింది. "మరి కౌంటీ వాళ్ల బండి రోడ్డు మీది మంచు ఊడుస్తూ మన దారికడ్డంగా తోసిపోయే మంచు గట్టు సంగతి?"

ఆ గట్టుతో క్లిఫర్డ్ కుస్తీ పట్టాడు. మధ్యలో పిన్ను తెగి బ్లోవరు ఆగిపోయింది. చూడ్డానికొచ్చిన ఇద్దరూ రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత ముగ్గురూ కలిసే గట్టు తీసేశారు, పోట్లాడుకుంటూనే.

జనవరికల్లా ఆ చుట్టుపక్కల ఐలి దారంత శుభ్రమైన దారి లేదు. ఆర్విడ్ భార్య మాత్రం తన గుమ్మం ముందు పారతో తవ్వుకుంటోందని చెప్పుకున్నారు.

చివరికి రూడీకి ఓపిక నశించింది. "ఇలా లాభం లేదు. శనివారం నలుగురం హోటన్ టౌనుకి వెళ్దాం. బ్లోవర్లమ్మే కొట్లోనే తేల్చేసి, ఆ సాయంత్రమే నీ ట్రాక్టరుకి బిగించేద్దాం."

ఐలి పోస్తున్న కాఫీ కప్పు దాటి బల్ల మీదికి పారింది.

"ఈ శనివారమేనా?"

"ఈ శనివారమే!" అన్నారు ముగ్గురూ.

కొట్లో మూడు రకాలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అమ్మే మనిషి కలం తీశాడు. "ఏది రాయమంటారు మేడమ్?"

ఐలి మొహం పాలిపోయి ఉంది. ముగ్గురి వైపూ చూసింది. ఆర్విడ్ మెడ రుద్దుకుంటున్నాడు. రూడీ గడ్డం పైకెత్తుకుని ఉన్నాడు. ఆమె మెల్లగా ఊపిరి పీల్చుకుంది.

"ఇంత చలిలో నాకోసం తిరిగారు. ఒకరి మాట విని ఇంకొకర్ని చిన్నబుచ్చలేను. మీరు ముగ్గురూ ఒకే మాట చెప్పండి. అదే కొంటాను."

కొట్టు మూసేదాకా అరుచుకున్నారు. అమ్మే మనిషి దీపాలార్పితే బయట నిలబడి అరుచుకున్నారు. తిరుగు దారిలో ట్రక్కులో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఐలి మాత్రం కిటికీలోంచి చూస్తూ ఏదో కూనిరాగం తీసింది.

"మంచు పడి గడ్డకట్టనీ ఐలీ, అప్పుడు తేలుతుంది," అన్నాడు ఆర్విడ్, ఆమెని ఇంటి దగ్గర దింపుతూ.

"నీకంటే ముందే నేనొస్తా," అన్నాడు రూడీ.

మర్నాడు సిల్వియా ఫోను చేసింది. "దారెలా ఉందే?"

"ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు దాకా వెళ్లి రావచ్చక్కా."

"అయితే బ్లోవరు సంగతి తేలినట్టేనా?"

"వాళ్ల పంచాయితీ ఎన్నటికీ తేలకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానక్కా," అంది ఐలి గొంతు తగ్గించి, "తేలితే దేనికి బిగించమంటాను, ట్రాక్టర్ని ఆగస్టులోనే విస్కాన్సిన్ వాడెవరికో అమ్మేస్తిని!"