పెనం మీద ఓడ

మహితకు ఉన్న భయం ఒక్కటే. సముద్రం మీద పోయిన మొగుడు మళ్లీ ఇంటికి రాడేమోనని.

"పడిపోడులేమ్మా. అంచు కాడ మంచుగోడ ఉండాది, ఓడను ఆపతాది. ముందు ఆ ఫోను సరిగ్గా పట్టుకో," అన్నాడు మామ ఏకాంబరం.

చంద్రగిరిలో వాళ్ల మిద్దె మీద లైవు మొదలైంది. స్టాండు మీద ఏకాంబరం ఫోను. చానెల్ పేరు 'బల్లపరుపు సత్యం'. సిమెంటు కొట్టు మూసేసినప్పటి నుంచి భూమి దోసె పెనం మాదిరి చదునుగా ఉందని లోకానికి చెప్పడమే ఆయన పని. మహిత ఒక చంకలో పాప, ఇంకో చేతిలో తన ఫోను. అందులోకి ఆమె మొగుడు సునీల్‌కుమార్ రావాలి.

పందెం మాత్రం పక్కింటి అమర్‌నాథ్‌ది. హైస్కూల్లో సైన్సు సారు.

"మీవాడు పసిఫిక్ దాటి చిలీ కాడికి వస్తా ఉండాడంటివి కదన్నా. భూమి గుండ్రంగా ఉంటే, మనకు పొద్దు గూకేటప్పుడు ఆడ పుట్టాల. సూపించమను."

"సూపిస్తాడు. పుడితే చానెల్ మూసేస్తా. గూకితే?"

"భూమి బల్లపరుపని ఇదే లైవులో నేనే చెప్తా."

సునీల్‌కుమార్ సరుకుల ఓడలో వంటవాడు. అంతకు ముందు తడ దగ్గర హైవే మీద ఒక మెస్సులో పరోటా మాస్టరు. పెళ్లయిన కొత్తలో ఆ మెస్సు మిద్దె మీద, నీలం కమ్మీల పక్కన మహితను నిలబెట్టి ఫోటో కూడా తీశాడు. కొడుకు పరోటాలు కొడతాడని చెప్పుకోవడం ఏకాంబరానికి చిన్నతనం. ఆయనే ఏజెంటును పట్టుకుని ఓడలో పని చూశాడు. ప్రయాణం రోజున బస్టాండులో ఫ్లెక్సీ కట్టించాడు. 'సప్తసముద్రాలు దాటుతున్న మా సునీల్‌కుమార్‌కు శుభాకాంక్షలు.' ఫోటోలో కొడుకు కంటే తండ్రే పెద్దగా ఉన్నాడు. ఎండకు అది వెలిసిపోయినా ఇంతవరకు విప్పనివ్వలేదు.

మహిత చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది. భూమి గుండ్రమని చదివిన గుర్తు. కానీ రోజూ అన్నం దగ్గర మామ అంచుల గురించి చెబుతుంటే ముద్ద దిగదు. ఇవాళ ఆయన ఓడిపోతే చాలు. ఇంట్లో ఆ మాట ఇంక వినపడదు.

"ముందు నా సాక్ష్యాలు ఇనండప్పా," అన్నాడు ఏకాంబరం లైవులోకి వంగి. "మావాడు పోయేటప్పటికి ఈ పాప బోర్లా కూడా పడలేదు. ఇప్పుడు నడస్తా ఉండాది. ఇన్నాళ్లలో వానికి ఒక్కసారన్నా కడుపులో తిప్పిందా? లేదు! ఎందుకు? నీళ్లు చదును. ఓడ ఊగదు."

"అలవాటయ్యుంటాది లేన్నా."

"ఉండప్పా! మనకు కొండ దారిలో సిగ్నల్ పోతాది. నడిసముద్రంలో వానికి నిండుగా ఉంటాది. మధ్యలో వంపు లేదు కాబట్టే! మొన్న తుపానుకు ఈడ వాన పడిందా? ఆడా అదే పూట వాన. ఒకే పెనం, ఒకే మూత!"

అమర్‌నాథ్ నవ్వు ఆపుకున్నాడు. "ఓడ యాడుండాదో ఆ ఏజెంటునే అడగొచ్చు కదన్నా?"

"వాని ఫోను పలకదు. వాడూ సముద్రం మీదే ఉంటాడు."

వీడియో అంటే కెప్టెన్ ఒప్పుకోడని ఎప్పుడూ తప్పించుకునే సునీల్‌కుమార్, 'నా పరువు పోతాదిరా' అని తండ్రి పొద్దున్నుంచి బతిమాలితే ఒక్క నిమిషానికి సరేనన్నాడు. మహిత ఫోన్ చేసింది. మాసిన గడ్డంతో ముఖం కనిపించింది.

"తిన్నావా?" రోజూ ఆమె మొదటి మాట అదే.

"తిన్నాలే. పాప యాడ?"

ఆమె పాపను ఎత్తేలోపే ఏకాంబరం ఫోను లాక్కుని లైవుకు ఎదురుగా పెట్టాడు. "పాప తర్వాత. పొద్దు సూపించురా!"

"ఇప్పుడే పుడతా ఉండాది నాయనా. సూడు."

ఫోను తిరిగింది. నీలం కమ్మీల సందులో ఎర్రటి పొద్దు.

అమర్‌నాథ్ చప్పట్లు కొట్టాడు. "సూసినావా అన్నా! పుడతా ఉండాది!"

మహిత గుండెల మీద నుంచి బరువు దిగింది.

"ఇంక పెట్టేస్తా. కెప్టెన్ అరుస్తాడు."

"పెట్టేయొద్దు! పుట్టే పొద్దయితే పైకి లేయాల. కదలకుండా పట్టుకో!"

అందరూ చూస్తున్నారు. పొద్దు లేవలేదు. కమ్మీ వెనక సగమైంది, గోరంతయింది, మునిగిపోయింది. ఇక్కడ కోట కొండ మీద కూడా అప్పుడే వెలుగు పోయింది. ఫోనులో ఏదో హారన్ గట్టిగా మోగి, కాల్ తెగింది.

"అది ఓడ కూత!" ఏకాంబరం ఎగిరి గంతేశాడు. "ఈడా గూకింది, ఆడా గూకింది! ఒకే పెనం, ఒకే దీపం! ఏమప్పా సైన్సు సారూ?"

అమర్‌నాథ్ ముఖంలో నవ్వు లేదు. ఏదో చెప్పబోయి మహిత వైపు చూశాడు. ఆమె తిరిగి చేతికొచ్చిన ఫోనులో పెళ్లయిన కొత్తలో తీసిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తోంది. తలెత్తి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"భూమి బల్లపరుపే," అన్నాడు అమర్‌నాథ్ నేల చూస్తూ.

"గట్టిగా!"

"బల్లపరుపే అన్నా. బల్లపరుపే."

"మావాడు దిగిన రోజు బస్టాండులో దానికి రెండింతల ఫ్లెక్సీ కట్టిస్తా!" అన్నాడు ఏకాంబరం లోకంతో.

మహితకు అంచు భయం పోయింది. బస్టాండులో ఆ ఫ్లెక్సీ ఉన్నంతకాలం మొగుడు ఇంటికి రాడనే భయం పట్టుకుంది. పాపను భుజాన వేసుకుని మెట్లు దిగింది.

మీలో ఎవరైనా తడ మీదుగా పోతే, ఆ నీలం కమ్మీల మెస్సులో పరోటా మాస్టరు తిన్నాడో లేదో ఒకసారి చూసి రండి.