వెన్నునీటిలో బూడిద

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఆస్పత్రి మంచం మీద పిచ్చుక పక్కకు తిరిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుని పడుకుంది. వెన్నులోంచి నీళ్ళు తీయాలంటే అలాగే పడుకోవాలి మరి. బళ్ళో రాయించిన పేరు వేరే ఉందిగానీ, క్షణం నోరు ఊరుకోదు కాబట్టి ఇంట్లో అందరికీ ఆ పిల్ల పిచ్చుకే. తల్లి ఎదురుగా వంగి, బుగ్గకు బుగ్గ ఆనించింది.

"కదలకు తల్లీ, అయిపోయింది."

"ఇందాకే అయిపోయిందన్నావు," అంది పిచ్చుక.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ చుక్క చుక్కగా గొట్టంలోకి పట్టింది. ల్యాబ్ అమ్మాయి ఐసుపెట్టె తెరిచి పక్కనే నిలబడింది. గొట్టం నిండిందే తడవుగా మంచులోకి పోవాలి. ఆలస్యమైతే కొలవాల్సింది కాస్తా పాడైపోతుంది. అందుకే పిచ్చుక ఆవిడకు ఐసక్క అని పేరు పెట్టేసింది.

"ఐసక్కా, నా నీళ్ళలో ఏం వెతుకుతావు?"

"బూడిద," అంది ఐసక్క. "నీ కాళ్ళు చెప్పినమాట వినాలంటే మెదడులో డోపమైన్ అనేది ఉండాలి. అది పొయ్యిలో కట్టెల్లాంటిది. కాలాక బూడిద మిగులుతుంది చూడు, అలాంటిదే ఈ నీళ్ళలోకి దిగుతుంది. నీ బుర్ర తెరిచి పొయ్యి చూడలేం కదా, బూడిద కొలిచి కట్టె ఎంత కాలిందో చెబుతాం."

"బూడిద లేకపోతే?"

"ఎవరూ కట్టె వేయలేదన్నమాట."

పిచ్చుక తల్లి బుగ్గ చాటున మొహం దాచేసుకుంది.

ఇలా నీళ్ళు తీయడం ఇది రెండోసారి. పొద్దున కాస్త కాళ్ళు కూడదీసుకుని, సాయంత్రానికి పాకుతూ తిరిగే పిల్లకు అసలు జబ్బేమిటో మొదటిసారి కొలిచినప్పుడే తెలిసింది. బూడిద లేదు. డాక్టరమ్మ మాత్ర రాసింది. పసిదానికి అంత మందా అని తల్లి ఒళ్ళో పిల్లను హత్తుకుంటే, "కొత్త మందేం కాదమ్మా, చేతులు వణికే పెద్దవాళ్ళకు ఇచ్చేదే. పిల్లకు కొంచెమే ఇస్తాం," అని ధైర్యం చెప్పింది.

వారం తిరక్కుండా పిచ్చుక గోడ వదిలి గుమ్మందాకా నడిచింది. తల్లి కడుగుతున్న గిన్నె కడుగుతున్నట్టే పట్టుకుని నిలబడిపోయింది.

ఆ సంబరం నిలవలేదు. కాళ్ళు మళ్ళీ మెలితిరిగాయి. మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. ఊహూఁ. ఆ మాత్ర చేసిన మేలల్లా ఒకటే, నోట్లో పడగానే పిచ్చుక కిచకిచ ఆగిపోయేది. గుక్కెడు నీళ్ళు తాగి, మూతి బిగించి, తాత దగ్గరికి ఎత్తుకెళ్ళమని చెయ్యి చూపించేది.

"ఆ మాత్ర మీ అమ్మకు కూడా ఒకటి వెయ్యవే, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అనేవాడు తాత.

తాతంటే తల్లికి తండ్రి. గడియారాలు బాగుచేసేవాడు. చేతులకు వణుకొచ్చి మరలు జారిపోతుంటే కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆస్పత్రికి రా నాన్నా అని కూతురు పోరుపెడితే, "ఒక ఇంటికి ఒక రోగి చాలు," అని ముఖం తిప్పుకునేవాడు. పొద్దున్నే ఆయన టీలో పంచదార కలిపే పని మాత్రం పిచ్చుకది. ఇంకెవరూ చెంచా ముట్టుకోకూడదు.

"ఈ మధ్య టీ అదోలా ఉంటోందే పిచ్చుకా."

"సరిగ్గా కలవలేదేమో, ఇటివ్వు," అని చెంచా గిరగిరా తిప్పుతూ ఆ పిల్ల మళ్ళీ కబుర్లు మొదలెట్టేది.

మనవరాలు మళ్ళీ నేలకు అతుక్కుపోయాక తాత లేచాడు. అటక మీద పెట్టె దింపి, చిన్న చిన్న గడియారాలు ముందేసుకున్నాడు. "దీన్ని ఎత్తుకు తిరగడానికి ఇంట్లో ఒకరైనా గట్టిగా ఉండొద్దూ," అన్నాడు. బరువు మీద పడేసరికి ముసలితనమే పక్కకు తప్పుకుందని తల్లి చాటుగా కళ్ళు తుడుచుకుంది.

రెండోసారి కొలిచిన ఫలితం వచ్చింది. డాక్టరమ్మ తల్లిని కూర్చోబెట్టింది. ఐసక్క పక్కనే తలవంచుకుని నిలబడింది.

"అసలు కట్టె వేయని పొయ్యిలాగే ఉందండీ. మళ్ళీ కొలిచినా అంతే," అంది ఐసక్క.

"మాత్ర ఏమైనా మానేశారా?" అంది డాక్టరమ్మ.

తల్లి ముఖం కందిపోయింది. "నా చేత్తో నేను నోట్లో వేస్తున్నాను. ఒక్క పూట తప్పితే ఒట్టు."

"మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా. అయితే ఈ మందు పిల్ల ఒంటికి పట్టడం లేదు. ఇక ఆపేద్దాం."

"ఆపేసి?"

డాక్టరమ్మ చీటీ దగ్గరికి లాక్కుని మాత్ర పేరు కొట్టేసింది.

తల్లి ఇంటికొచ్చేసరికి తాత కిటికీ పక్కన కూర్చుని, చేతిగడియారంలో ఆవగింజంత మర బిగిస్తున్నాడు. పిచ్చుక ఆయన మోకాలికి ఆనుకుని చూస్తోంది.

"రేపటినుంచి మాత్ర లేదు నాన్నా. ఆపేయమన్నారు."

తాత చేతిలో పట్టకారు వణకలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

పిచ్చుక పాక్కుంటూ వచ్చి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. "ఆపొద్దమ్మా. రోజూ వేసుకుంటాను. ఏడవను."

"ఏం చేసుకుంటాం బంగారం, అది పనిచేయడం లేదుగా."

"పనిచేస్తోంది."

"ఎక్కడమ్మా? నువ్వు నిలబడి ఎన్నాళ్ళయింది?"

ఈ కథ మరిచిపోకండి. మీ వాళ్ళెవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, తాత వేళ్ళకేసి చూస్తూ ఆ పిల్ల అన్న మాటతోనే ఆపేయండి, ఇంకొక్క ముక్క కలపకండి.

"తాతకి పనిచేస్తోందిగా."